చదవకూడదన్న పుస్తకాలు... ఒకసారి చదివి చూద్దామా?

ఇంట్లో ఆడమనిషి పుస్తకం పట్టుకుని కూర్చుందంటే చూసేవాళ్లకి ఎక్కడో ఏదో మాడిపోతున్నట్టే ఉంటుంది. పొయ్యి మీద ఏమీ లేకపోయినా సరే! "ఏం చదువుతున్నావేమిటి?" అని ఓ ప్రశ్న వచ్చి పడుతుంది. వ్రతకథల పుస్తకమైతే మంచిదే. వంటల పుస్తకమైతే మరీ మంచిది. నవల అంటే "ఇంక వేరే పనేం లేదా?" అంటారు. అదీ కాక వాళ్లు ఎక్కడో పేరు విన్న పుస్తకమైతే మాత్రం "అలాంటివి మనకెందుకమ్మా" అని మెల్లగా అంటారు.

ఈ "అలాంటివి" అనే మాట మనందరికీ తెలిసిందే. అలాంటివి అంటే ఎలాంటివి? అందులో ఏముంది? అన్నవాళ్లు చదివారా? అని ఎప్పుడైనా అడిగామా? అడగం. పెద్దవాళ్లు వద్దన్నారు, ఊరుకున్నాం. కానీ ఒక్కోసారి ఈ "వద్దు" ఇంట్లోంచి కాదు, సర్కారు నుంచే వస్తుంది. పోలీసులు వచ్చి పుస్తకాలు మూటగట్టుకుపోతారు. అలా జరిగిన పుస్తకాల చరిత్ర చూస్తే మనం తెలుసుకోవలసింది చాలా ఉంది. ముఖ్యంగా ఆడవాళ్లం.

ఏటా ఒక వారం పండుగ

అమెరికాలో నిషేధించిన పుస్తకాల కోసం ఏడాదికో వారం కేటాయించారు. 1982లో గ్రంథాలయాల వాళ్లు, పుస్తకాలమ్మేవాళ్లు కలిసి దీన్ని మొదలుపెట్టారు. దీని వెనక పట్టుదలగా నిలబడ్డది జూడిత్ క్రుగ్ అనే లైబ్రేరియన్, ఆవిడా ఆడమనిషే. సెప్టెంబరు చివరో, అక్టోబరు మొదట్లోనో వచ్చే ఆ వారంలో, ఎక్కడెక్కడ ఏ పుస్తకం వద్దన్నారో ఆ పుస్తకాలన్నీ వరసగా పెట్టి "రండి, చదవండి" అని పిలుస్తారు.

అక్కడ నిషేధం అంటే చాలావరకు సర్కారు పోలీసుల్ని పంపడం కాదు. ఎవరో ఫిర్యాదు చేస్తే బడి లైబ్రరీ అల్మారాలోంచి పుస్తకం తీసెయ్యడం. అలా ఫిర్యాదులు ఎదుర్కొన్న పుస్తకాల్లో ఏమున్నాయో తెలుసా? హిట్లర్ కాలంలో దాక్కుని బతికిన చిన్నపిల్ల ఆన్ ఫ్రాంక్ డైరీ ఉంది. నల్లజాతి ఆడవాళ్ల కష్టాల గురించి ఆలిస్ వాకర్ రాసిన 'ద కలర్ పర్పుల్' ఉంది. ఇవా పిల్లల్ని చెడగొట్టేవి!

సరే, అంత దూరం ఎందుకు? మన తెలుగులోనే ఇంతకన్నా పెద్ద కథ ఉంది.

రాసిందీ ఆడదే, అచ్చు వేయించిందీ ఆడదే

తంజావూరుని ప్రతాపసింహ మహారాజు 1739 నుంచి 1763 వరకు పాలించాడు. ఆయన మరాఠా రాజు, అయినా ఆస్థానంలో తెలుగుకి పెద్దపీట. ఆ ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి ఉండేది. ఆవిడ దేవదాసి కులంలో పుట్టింది. సంగీతం, నాట్యం, సాహిత్యం అన్నీ నేర్చింది. 'రాధికా సాంత్వనం' అని నాలుగు ఆశ్వాసాల కావ్యం రాసింది, మొత్తం 584 పద్యాలు.

కథ మనకు అర్థం కానిదేం కాదు. రాధ ఇళ అనే పిల్లని తన చేతులమీద పెంచి పెద్దచేస్తుంది. తనే దగ్గరుండి శ్రీకృష్ణుడికిచ్చి పెళ్లి చేస్తుంది. కొత్త పెళ్లికూతురికి బుద్ధులు చెప్తుంది, ఆ పిల్లతో మెత్తగా ఉండమని కృష్ణుడికీ చెప్తుంది. అంతా అయ్యాక తన గది ఖాళీ అయిపోతుంది. అప్పుడు మొదలవుతుంది ఆవిడ బాధ, అలక, కోపం. చివరికి కృష్ణుడే వచ్చి ఆవిణ్ణి ఓదార్చి బతిమాలుకుంటాడు. సాంత్వనం అంటే ఆ ఓదార్పే.

పెంచిన మమకారం ఒకవైపు, మనిషి చేజారిపోతున్నాడన్న బాధ ఇంకోవైపు. ఈ రెండూ ఒకే మనసులో ఎలా ఇముడుతాయో ఆడది కాబట్టే అలా రాయగలిగింది. అందులో శృంగారం ఉంది, దాచాల్సిన పనిలేదు. ఆ కాలం కావ్యాలన్నిటిలోనూ ఉంది. తేడా ఏమిటంటే ఇందులో మనసు విప్పి మాట్లాడేది ఆడది.

ముద్దుపళని కావ్యం మొదట్లో తన వంశం గురించి చెప్పుకుంది. అందరూ తాత తండ్రుల పేర్లు చెప్పుకుంటే, ఈవిడ తన ఇంటి ఆడవాళ్ల పేర్లు గర్వంగా చెప్పుకుంది. వాళ్లలో తంజనాయకి అనే ఆవిడ కూడా కవిత్వం చెప్పినదే.

తర్వాత చాలాకాలం ఆ కావ్యం తాటాకుల్లోనే ఉండిపోయింది. 1887లో ఒకసారి, 1907లో ఇంకోసారి అచ్చయింది. ఆ కావ్యం గొప్పదని విని, కావాలని వెతికి పట్టుకున్న మనిషి బెంగుళూరు నాగరత్నమ్మ. ఈ పేరు సంగీతం తెలిసిన ఇళ్లలో అందరికీ తెలుసు. 1878లో పుట్టిన ఆవిడా దేవదాసి కుటుంబం నుంచి వచ్చిన మనిషే. గొప్ప గాయని. అచ్చులో దొరికిన పుస్తకాన్ని పాత ప్రతితో సరిచూస్తే ఎన్నో పద్యాలు లేవు. పైగా కవయిత్రి తన గురించి చెప్పుకున్న భాగం కూడా ఎగిరిపోయింది! అంటే రాసినావిడ ఎవరో, ఏ ఇంటి మనిషో చదివేవాళ్లకి తెలియకుండా పోయిందన్నమాట.

నాగరత్నమ్మ ఊరుకోలేదు. అసలు ప్రతి సంపాదించి, పద్యాలన్నీ సరిచూసి, తనే ముందుమాట రాసి, మద్రాసులో వావిళ్ల రామస్వామి శాస్త్రులు అండ్ సన్స్ వారి ద్వారా 1910లో పూర్తి పుస్తకాన్ని బయటికి తెచ్చింది. అప్పటికి ఆవిడ వయసు ముప్ఫై దాటి ఏడాదో రెండేళ్లో.

సిగ్గు ఎవరి సొత్తు?

అంతకు ముందే కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ 'ఆంధ్ర కవుల చరిత్రము'లో ముద్దుపళనిని బాగా తప్పుపట్టారు. ఆడవాళ్లు వినకూడనివి ఆడదై ఉండి రాసిందని ఆయన బాధ. వీరేశలింగంగారు సామాన్యులా? 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించి ఊరందరి మాటలూ పడ్డ మహానుభావుడు. ఆడపిల్లల చదువు కోసం అంత పాటుపడ్డ ఆయనకే ఆడవాళ్లు ఏం చదవాలో తాము నిర్ణయించాలనిపించింది చూడండి!

నాగరత్నమ్మ తన ముందుమాటలో ఆయనకి జవాబిచ్చింది. గట్టిగా ఇచ్చింది, మర్యాదగానూ ఇచ్చింది. సిగ్గు అనేది ఆడవాళ్లకే గానీ మగవాళ్లకి లేదా అని అడిగింది. ఇంతకన్నా ఎక్కువ శృంగారం ఉన్న మగకవుల కావ్యాలను పండితులు మెచ్చుకోలేదా అని నిలదీసింది. పంతులుగారు స్వయంగా ఒప్పుకున్న కావ్యం పేరు కూడా ఎత్తి చూపించింది.

ఆవిడ అడిగినదాంట్లో న్యాయం లేదంటారా? నంది తిమ్మన 'పారిజాతాపహరణం' సంగతే చూడండి. సత్యభామ అలిగి కృష్ణుడి తలని కాలితో తన్నినా ఆయన బతిమాలుకున్నాడు. ఆ కథని తరతరాలుగా పండితులు పాఠం చెప్పారు, మనమూ ముచ్చటపడి విన్నాం. అక్కడా అలక, ఇక్కడా అలకే. అది మగవాడు రాశాడు, ఇది ఆడది రాసింది.

అయినా గొడవ ఆగలేదు. పత్రికలో విమర్శలు వచ్చాయి. బూతు పుస్తకమని ప్రభుత్వానికి ఫిర్యాదులు వెళ్లాయి. 1911లో పోలీసులు పుస్తకాలు పట్టుకుపోయారు, వావిళ్ల వారి మీద కేసు పెట్టారు. పండితులు కొందరు ఇది అన్యాయమని అర్జీలు పెట్టినా తెల్లదొరల ప్రభుత్వం వినిపించుకోలేదు. 1927లో వావిళ్ల వారి మీద మళ్లీ పోలీసుల దాడి జరిగింది. చివరికి టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా ఉండగా, అంటే 1946-47 ప్రాంతంలో, ఆ నిషేధం పోయింది. 1952లో వావిళ్ల వారు మళ్లీ అచ్చు వేశారు. నాగరత్నమ్మ కన్నుమూసింది కూడా ఆ ఏడే, మే నెలలో.

ఈవిడే తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి పాడుబడి ఉంటే తన నగలూ ఆస్తీ అమ్మి గుడి కట్టించింది. అక్కడి ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదంటే ఆడవాళ్లందర్నీ కూడగట్టి వేరే ఆరాధన జరిపించింది. 1941 నుంచి అందరూ కలిసి పాడుతున్నారు. పాడకూడదన్నచోట పాడించింది, చదవకూడదన్నది చదివించింది. ఒకే మనిషి, ఒకే పట్టుదల.

మాలపల్లిని చూసి భయపడ్డ సర్కారు

నిషేధం అంటే శృంగారమే అనుకునేరు! ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి'లో అలాంటిదేం లేదు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకి వెళ్లినప్పుడు ఆయన రాసిన నవల అది. ఒక మాల కుటుంబం, రామదాసు ఇల్లు, ఆయన కొడుకు సంగదాసు. కూలివాళ్ల కోసం నిలబడ్డ సంగదాసుని భూస్వామి చంపేస్తాడు. ఆ నవలకి ఇంకో పేరు 'సంగ విజయము'. 1922లో వచ్చింది, 1923లో మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. తర్వాత సడలించినా 1936లో మళ్లీ నిషేధించారు. 1937లో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాక గానీ అది పోలేదు.

అందులో ఉన్నదేమిటి? కూలిమనిషి మనిషేనని. కూలి సరిగ్గా ఇవ్వాలని. కథల్లో రాజులూ జమీందారులే కాదు, పాలేర్లూ ఉండొచ్చని. అదే సర్కారుకి ప్రమాదంగా కనిపించింది.

ఇంకో సంగతి. ఉన్నవవారి భార్య లక్ష్మీబాయమ్మగారు గుంటూరులో శారదానికేతనం పెట్టి ఎందరో ఆడపిల్లలకు చదువు చెప్పించిన మనిషి. భర్త పుస్తకాన్ని చదవనివ్వని రోజుల్లో ఆవిడ చదివేవాళ్లని తయారుచేసిందన్నమాట.

బూతు మాట చూపించండి!

ఉర్దూ రచయిత్రి ఇస్మత్ చుగ్తాయ్ 1942లో 'లిహాఫ్' అనే కథ రాసింది. లిహాఫ్ అంటే రజాయి. నవాబుగారి ఇంట్లో భర్త పట్టించుకోని బేగం ఒంటరితనం గురించిన కథ. చూసినదంతా చెప్పేది ఒక చిన్నపిల్ల. ఆ కథ బూతు అని లాహోరు కోర్టులో కేసు పెట్టారు. పసిబిడ్డ తల్లి అయిన ఇస్మత్ బొంబాయి నుంచి లాహోరు దాకా వెళ్లాల్సి వచ్చింది. తీరా కోర్టులో, ఈ కథలో బూతు మాట ఏది, చూపించండి అంటే సాక్షులు చూపించలేకపోయారు. ఎందుకంటే లేదు గనక! కేసు కొట్టేశారు.

బయటివాళ్లకి బూతుగా కనిపించింది మాట కాదు, ఆ ఇంటి లోపలి సంగతి బయటికి చెప్పడం. మన ఇళ్లలోనూ ఎన్నో సంగతులు ఇలాగే రజాయి కింద ఉండిపోతాయి. ఎవరో ఒకరు రాస్తేనే కదా, "అయ్యో, ఇది నాకొక్కదానికే కాదన్నమాట" అని మనకి తెలిసేది!

నచ్చకపోతే మూసెయ్యండి

ఇవన్నీ తెల్లదొరల నాటి మాటలు అనుకోకండి. తమిళంలో పెరుమాళ్ మురుగన్ 2010లో 'మాదొరుబాగన్' అనే నవల రాశారు. కాళి, పొన్న అనే భార్యాభర్తలు. ఒకరంటే ఒకరికి ప్రాణం. కానీ పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లల్లేరు. ఊరివాళ్ల మాటలు, చుట్టాల సూటిపోటీలు, శుభకార్యాల్లో పక్కకి తప్పించడాలు. ఇవి ఎలా ఉంటాయో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పిల్లల కోసం ఒకప్పుడు గుడి ఉత్సవంలో ఉండేదన్న ఆచారం ఒకటి ఆ కథలో వస్తుంది. 2014 చివర్లో కొందరు దానిమీద పెద్ద గొడవ చేశారు, పుస్తకాలు తగలబెట్టారు. 2015 జనవరిలో ఆ రచయిత తనలోని రచయిత చనిపోయాడని ప్రకటించి కలం కింద పెట్టేశారు.

2016 జూలైలో మద్రాసు హైకోర్టు తీర్పు ఇచ్చింది. పుస్తకం నచ్చనివాళ్లు చదవకుండా పక్కన పెట్టొచ్చు, అంతేగానీ రాసేవాణ్ణి రాయొద్దనడం కుదరదు, ఆయన మళ్లీ రాయాలి అన్నది దాని సారాంశం. ఆయన మళ్లీ రాశారు.

మన చట్టంలో కూడా దారి ఉంది. ప్రభుత్వం ఏదైనా పుస్తకాన్ని జప్తు చేస్తే ఎందుకో కారణం చెప్పాలి. ఆ పుస్తకంతో సంబంధం ఉన్నవాళ్లు రెండు నెలల్లోగా హైకోర్టుకి వెళ్లొచ్చు.

కాగితం మీద లేని నిషేధం

సర్కారు నిషేధానికి కాగితం ఉంటుంది, తేదీ ఉంటుంది, కోర్టు ఉంటుంది. ఇంట్లో నిషేధానికి ఇవేవీ ఉండవు. చలంగారి 'మైదానం' 1927 నాటిది. ఎన్ని ఇళ్లలో బట్టల అడుగున దాచి చదివారో మన పెద్దవాళ్లని అడిగితే నవ్వుతూ చెప్తారు. మగపిల్లలు చదివితే "సాహిత్యం". ఆడపిల్ల చదివితే "చెడిపోతోంది". నాగరత్నమ్మ అడిగిన ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది.

ఇప్పుడు పుస్తకం దాచక్కర్లేదు, సెల్‌ఫోన్‌లోనే చదువుకోవచ్చు. కానీ "నీకెందుకు" అన్న మాట మాత్రం ఇంకా మన చుట్టూ తిరుగుతూనే ఉంది. కూర ఏం వండాలో మనం నిర్ణయిస్తాం. ఏ పప్పులో పురుగుందో, ఏ బియ్యం కొత్తవో ఇట్టే పసిగడతాం. మరి ఏ పుస్తకంలో మంచి ఉందో, ఏది తాలో చెరిగి చూసుకోలేమా?

పుస్తకం వద్దన్నారు కాబట్టే అది గొప్పదని నేననడం లేదు. వద్దన్నవాటిలో పనికిమాలినవీ ఉంటాయి. చదివాక తెలుస్తుంది. చదవకముందే ఇంకొకరు చెప్పడమే కుదరదు.

ఎంచుకోవడం ఎలా?

★ ముందు ఎందుకు వద్దన్నారో తెలుసుకోండి. ఎవరన్నారు, ఎప్పుడన్నారు అని చూస్తే సగం కథ అక్కడే తెలుస్తుంది.

★ ముందుమాట వదలకండి. 'రాధికా సాంత్వనం'లో నాగరత్నమ్మ ముందుమాట కావ్యమంత ముఖ్యం.

★ పూర్తి పుస్తకమేనా చూసుకోండి. సంక్షిప్తం అంటే ఎవరో మనకి బదులు చదివి, తీసేసి ఇచ్చారని అర్థం.

★ పాత కావ్యం కష్టమనిపిస్తే తాత్పర్యం ఉన్న ప్రతి తీసుకోండి. లేదా 'మాలపల్లి'తో మొదలుపెట్టండి. మాట్లాడే భాష ఉంటుంది కాబట్టి చకచకా సాగుతుంది.

★ ఒక్కరే కాకుండా వదినలో, పక్కింటివాళ్లో నలుగురు కలిసి ఒకే పుస్తకం చదవండి. మధ్యాహ్నం ఓ గంట కూర్చుని మాట్లాడుకోండి. ఒకరికి నచ్చింది ఇంకొకరికి నచ్చకపోతే ఇంకా మంచిది!

★ నచ్చకపోతే ఆపెయ్యండి. చదివే స్వేచ్ఛలో మూసేసే స్వేచ్ఛ కూడా ఉంది.

★ పిల్లల విషయంలో వయసు చూసుకోవాల్సిందే. పదేళ్ల పిల్లకీ ఇరవయ్యేళ్ల పిల్లకీ ఒకటే పుస్తకం ఇవ్వలేం. కానీ లాక్కోకండి. మీరు చదివి, "ఇది నువ్వు కాస్త పెద్దయ్యాక చదువుదువుగాని" అని కారణం చెప్పండి. ఎదిగిన పిల్లలైతే మీరూ చదివి, వాళ్లతో మాట్లాడండి.

మనకీ ఒక వారం ఉంది

పుస్తకాలు కొనే ఖర్చు గురించి బెంగ వద్దు. మనం ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం, రశీదు తీసి చూసుకోండి. మనం కట్టిన డబ్బుతో నడిచే గ్రంథాలయంలోకి వెళ్లడానికి మొహమాటం ఎందుకు? మగవాళ్లు పేపర్లు చదువుకునే చోటని వెనకాడకండి. వెళ్లి సభ్యత్వం తీసుకోండి. కావలసిన పుస్తకం లేకపోతే తెప్పించమని రాసివ్వండి.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ముగ్గుల పోటీలు, వ్యాసరచన పోటీలు మామూలే. ఈసారి ఆ వారంలో ఒక పని చేద్దాం. ఒకప్పుడు ఎవరో వద్దన్న పుస్తకం ఒక్కటి తెచ్చుకుని, బట్టల అడుగున కాకుండా హాల్లో కూర్చుని చదువుదాం. "ఏం చదువుతున్నావు?" అని అడిగితే పేరు గట్టిగా చెప్పి, "మీరూ చదువుతారా?" అని అడుగుదాం.